హుల్డా ఊట

ఆర్డిస్ పుట్టింట్లో ఒక ఆడమనిషి పేరు తిట్టులా చెలామణి అయ్యేది. పిల్లలెవరైనా పక్కవాళ్ల పళ్లెంలో చెయ్యి పెట్టినా, పేకాటలో ముక్క దాచినా, "బ్రెకె బుద్ధులు ఈ ఇంట్లో వద్దు" అని తాత ఆంటన్ సోరెమ్ కసురుకునేవాడు. ఆ బ్రెకె ఎవరో పిల్లలకు తెలియదు. కొంచెం పెద్దయ్యాక కథ తెలిసింది.

తాత కుర్రతనంలో, మాంటానా ఉత్తరపు గడ్డినేలల్లో సర్కారు భూమి పంచుతున్న రోజుల్లో, అక్కడికి వెళ్లి ఒక ముక్క రాయించుకున్నాడు. ఇల్లు వేసుకుని, దున్ని, కొన్నేళ్లు అక్కడే కాపురముంటే ఆ భూమి సొంతమయ్యేది. ఆయన ముక్కను ఆనుకునే ఏడాది పొడుగునా ఎండని ఊట ఒకటి ఉంది. కాస్త వెసులుబాటు దొరికితే ఆ నేల కూడా తన పేర రాయించుకోవాలని ఆయన ఆశ. ఈలోగా హుల్డా బ్రెకె అనే పెళ్లికాని మనిషి ఎక్కడినుంచో ఊడిపడి, కచేరీలో గుమాస్తాను మంచి చేసుకుని దాన్ని కాజేసింది. ఆ తర్వాత వానలు ముఖం చాటేశాయి. నీళ్లున్న ఆవిడ నిలదొక్కుకుంది. తాత, అమ్మమ్మ పడమరకు రైలెక్కి యాకిమా వచ్చి పరాయివాళ్ల ఆపిల్ తోటల్లో కూలికి కుదిరారు. ఇదీ కథ. తాత చెప్పేటప్పుడు అందరూ వినేవాళ్లు. అమ్మమ్మ ఇంగా మాత్రం కథ మొదలవగానే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఆర్డిస్ కూడా ఆపిల్ పళ్లలోనే బతికింది. బడి చదువు అయిన వేసవిలో పళ్లు ఏరే షెడ్డులో చేరి, మోకాళ్లు మొరాయించేదాకా ఆ బల్ల దగ్గరే నిలబడింది. కళ్లముందు కదిలిపోయే పళ్లలో మచ్చ ఉన్నదాన్ని, దెబ్బ తిన్నదాన్ని తీసి పక్కన వేయడం ఆమె పని. మొగుడు మెర్ల్ బడి బస్సులు బాగుచేసేవాడు. ఇద్దరూ పని మానేశాక, ఆయన ఎవరో వాడి వదిలేసిన ఆర్వీని కొని, ఒక శీతాకాలమంతా దాని కిందే పడుకుని మరమ్మతు చేశాడు. పడక, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉన్న ఇంటిబండి అది. వేసవి రాగానే మినెసోటాలో ఉన్న మెర్ల్ తమ్ముణ్ణి చూడటానికి బయల్దేరారు. అప్పటికి ఆర్డిస్‌కు అరవై నాలుగేళ్లు. మాంటానా దాటి తూర్పుకు పోవడం అదే మొదటిసారి.

మాంటానా ఉత్తరాన డన్‌మోర్ అనే చిన్న ఊళ్లో పెట్రోలు పోయించుకుంటుండగా ఆమెకు రోడ్డు పక్కన గోధుమరంగు బోర్డు ఒకటి కనిపించింది. "హుల్డా బ్రెకె ఇల్లు. పాతకాలపు కాపురం. చూడవచ్చు" అని ఉంది. కింద బాణం గుర్తు.

ఆర్డిస్ దాన్ని చాలాసేపు చూసింది. మెర్ల్ చేతులు తుడుచుకుంటూ వచ్చి అటే చూశాడు.

"మీ తాత శత్రువు కదూ?" అన్నాడు.

"ఊళ్లోవాళ్లు ఆవిడకి బోర్డు కూడా పెట్టారు."

"పోయి చూద్దామా?"

"తాత గోతిలోంచి లేచొస్తాడు."

"రానీ. మనలో ఒకరికైనా మోకాళ్లు బాగున్నట్టే."

ఆర్డిస్ నవ్వలేదు కానీ బండెక్కి సీటు బెల్టు పెట్టుకుని, "ఎడమవైపు తిప్పు" అంది. ఆవిడ ఎలాంటి కొంపలో ఉండేదో ఒకసారి చూడాలని, చూసి ఇంటికెళ్లి అమ్మతో చెప్పాలని అనిపించింది. అంతకుమించి ఏమీ లేదు.

తారురోడ్డు అయిపోయి మట్టిదారి వచ్చింది. రెండు వైపులా గోధుమ, ఆ వెనక గడ్డి, గడ్డి వెనక ఆకాశం. చాలా దూరం పోయాక ఒక గేటు, గేటు దగ్గర పాత పికప్ ట్రక్కు కనిపించాయి. ట్రక్కు మీద చెయ్యి ఆనించి మగవాళ్ల టోపీ పెట్టుకున్న పెద్దావిడ నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి. ఆ ఇంటి తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుందనీ, పేరు ఓపల్ డ్రెస్లర్ అనీ తర్వాత తెలిసింది. చుట్టుపక్కల పశువుల మందలన్నీ ఆవిడ కొడుకువి.

ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "బండి ఇక్కడే పెట్టండి అయ్యగారూ. ఆ తూము దాటితే బంకమట్టి. నిన్న వాన పడింది."

"పైన ఎండిపోయింది కదండీ" అన్నాడు మెర్ల్.

"పైన ఎండిపోతుంది. లోపల ఎండదు."

"జీవితమంతా బస్సులతోనే బతికానండీ. నాకు తెలుసు."

ఓపల్ పక్కకు జరిగి దారి ఇచ్చింది. తూము దాటి నాలుగు బారలు పోయేసరికి వెనక చక్రాలు సగందాకా దిగబడ్డాయి. మెర్ల్ ముందుకూ వెనక్కూ ఊపాడు. బండి ఇంకొంచెం కూర్చుంది. ఆయన దిగి, బురద చూసి, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

ఓపల్ మెల్లగా నడిచి వచ్చింది. "బస్సులతో బతికినవాడివి కదా. దానికి నచ్చజెప్పి చూడు."

"ట్రాక్టరు ఉందా మీ దగ్గర?"

"ఉంది. ఇప్పుడు తెస్తే అదీ దీని పక్కనే కూర్చుంటుంది. రేపు ఎండ కాసి, నేల బిగిశాక లాగుదాం. ఎలాగూ మీ ఇల్లు మీతోనే ఉంది, పడుకోండి ఇక్కడే." తర్వాత ఆర్డిస్ వైపు తిరిగింది. "ఈలోపు ఇల్లు చూస్తావా అమ్మాయ్?"

అరవై నాలుగేళ్ల మనిషిని అమ్మాయ్ అని పిలిచేవాళ్లు ఇంకా ఉన్నందుకు ఆర్డిస్‌కు బాగానే అనిపించింది. తన తాత పేరు మాత్రం చెప్పలేదు.

ఇల్లు రెండు గదులది. దుంగల మీద పలకలు కొట్టి, పైన రేకులు వేశారు. లోపల ఇనప పొయ్యి, దాని మీద పెనం, గోడకు ఆనించి ఇరుకు మంచం. తలుపు వెనక మగవాళ్ల బూట్లు ఒక జత.

"ఎవరివి?" అంది ఆర్డిస్.

"ఆవిడవే. ఆడవాళ్ల బూట్లతో ఈ మట్టిలో నడవగలవా?"

గోడ మీద ఫొటో ఉంది. కొడవలి పట్టుకుని నిలబడ్డ మనిషి. వెడల్పాటి మొహం. పని చెడగొట్టి ఫొటో దిగమన్నందుకు ఒళ్లు మండినట్టు చూస్తోంది. ఆర్డిస్ ఊహించుకున్న మనిషి వేరు. తాత మాటల్ని బట్టి సన్నగా, నవ్వుతూ, కొంగ మెడతో ఉంటుందనుకుంది.

"ఈవిడ గుమాస్తాను మంచి చేసుకుని ఈ నేల రాయించుకుందని విన్నాను" అంది మామూలుగా.

ఓపల్ ఫొటో వైపు చూసింది, ఆర్డిస్ వైపు చూసింది. "ఈ మొహంతోనా?"

మెర్ల్ దగ్గాడు.

"పక్క చెలకలో ఒకాయనుండేవాడు. ఆంటన్ అని" అంది ఓపల్. "ఆయనకీ ఈ నేల మీద కన్నుంది. కచేరీ తెరిచే రోజు పొద్దున్నే గుర్రమెక్కి బయల్దేరాడు. ఈవిడకి గుర్రం లేదు. అందుకని ముందురోజు మధ్యాహ్నమే నడక మొదలుపెట్టింది. ఆయన మెట్లెక్కుతుంటే ఈవిడ దిగుతోంది. జరిగిందంతే. గుమాస్తా ఎవరో, నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో కూడా చూసి ఉండదు."

"మీరు ఆవిడ మనుషులా?"

"కాదు. ఆవిడకెవరూ లేరు. పెద్దదయ్యాక పాలు పితకడానికి, కట్టెలు కొట్టడానికి మా నాన్న నన్ను పంపేవాడు. మంచిదేనని అనను. పిసినారి. మా ఎద్దు ఒకసారి వచ్చి క్యాబేజీ మడి తొక్కితే, దాన్ని కట్టేసి, మా నాన్న చేత చుట్టూ కంచె వేయించుకున్నాకే వదిలింది. కాఫీ పొడి రెండోసారి కూడా మరగబెట్టేది. నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. 'ఏయ్' అనేది."

వంటగది కిటికీలోంచి చూస్తే కొంచెం పల్లంలో పచ్చగా కనిపించింది. అదే ఊట. ముగ్గురూ అటు దిగారు. చుట్టూ గడ్డి అప్పటికే పసుపు తిరుగుతోంది కానీ అక్కడ మాత్రం విల్లో పొదలు, పుదీనా, రాళ్ల మధ్యనుంచి చప్పుడు లేకుండా పైకి వచ్చే నీళ్లు. ఆర్డిస్ వంగి చూసింది. చిన్నప్పటినుంచి విన్న ఊట ఆమె మనసులో చెరువంత ఉండేది. ఇది బట్టలుతికే తొట్టంత ఉంది.

ఊటకు పైవైపు గట్టు మీద ఇనప కంచె చిన్నది, దాన్ని కమ్మేసిన లైలాక్ పొద ఉన్నాయి. కంచె ఒకవైపు ఒరిగిపోయింది. ఆర్డిస్ కాలు సాగదీసుకోవడానికన్నట్టు అటు నడిచి, కొమ్మలు పక్కకు తీసింది. లోపల మోకాలెత్తు కూడా లేని రాయి. రాయి మీద అక్షరాలు నాచు పట్టినా కనిపిస్తున్నాయి.

సోల్వే సోరెమ్. ఆంటన్, ఇంగాల బిడ్డ.

ఆర్డిస్ కొమ్మలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఓపల్ వెనకనుంచి, "అది పక్కింటివాళ్ల పాప. హుల్డాది కాదు. చూడటానికి వచ్చినవాళ్లందరూ ఆవిడ పిల్లే అనుకుని రకరకాలుగా మాట్లాడతారు" అంటోంది.

"ఓపల్," అంది ఆర్డిస్, "ఆంటన్ మా తాత."

ఓపల్ దగ్గరకు వచ్చింది. ఆర్డిస్ మొహంలో ఏదో పోల్చుకోవడానికన్నట్టు చూసింది. తర్వాత, "ఇందాకే చెప్పొచ్చు కదా. కనీసం గుర్రం సంగతి కొంచెం మర్యాదగా చెప్పేదాన్ని" అంది.

"మా అమ్మే ఇంటికి పెద్దది అని చెప్పారు మాకు. ఈ పాప గురించి ఒక్కమాట... ఒక్కమాట ఎవరూ అనలేదు."

మెర్ల్ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఓపల్ వాళ్లను ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, పికప్‌లోంచి ఫ్లాస్కు తెచ్చి కాఫీ పోసింది. హుల్డా నోట తాను విన్నది విన్నట్టు చెప్పింది.

పాప పుట్టిన ఏడాది చలికాలం చాలా చెడ్డది. కోరింత దగ్గు ఇంటింటికీ తిరిగింది. పాప పాకడమైనా నేర్వకముందే పోయింది. ఆంటన్ తన నేలలో గోయి తీయబోయాడు. పార దిగలేదు, పిడి విరిగింది. ఊరి శ్మశానానికి తీసుకెళ్లడానికి దారి లేదు, మంచు కిటికీలదాకా ఉంది. చిన్న పెట్టెను కొట్టంలో పెట్టుకుని నేల మెత్తబడేదాకా ఆగాలి. చాలామంది అలాగే చేసేవాళ్లు. ఇంగా మాత్రం, కొట్టంలో ఎలుకలున్నాయని ఒకటే ఏడుపు. అప్పుడు హుల్డా వచ్చింది. రెండిళ్లకూ మాటల్లేవు, ఇంగా నీళ్లకు వచ్చిపోవడం తప్ప. ఊట పక్కన నేల అంత గట్టిగా గడ్డకట్టదని చెప్పింది. గట్టు మీద మంట వేసి, నేల కరిగేదాకా ఉండి, తనే తవ్వింది. ఆంటన్ పెట్టె మోసుకొచ్చి, దింపి, ఆవిడ మొహం చూడకుండా వెళ్లిపోయాడు.

"ఆ తర్వాత మాట్లాడాడా?" అంది ఆర్డిస్.

"లేదట. కనిపిస్తే పక్కకు తిరిగేవాడట. మీ అమ్మమ్మే రోజూ బిందె తీసుకుని వచ్చి, నింపుకుని, కాసేపు గట్టు మీద కూర్చునేది. వెళ్లిపోయే రోజు కూడా వచ్చింది. పాపను చూస్తూ ఉంటావా అని అడిగిందట హుల్డాని. ఈవిడ సరే అంది. మొదట కొయ్య శిలువ ఉండేదట. అది పుచ్చిపోయాక ఈ రాయి తెప్పించింది. చెప్పానుగా, కాఫీ పొడి రెండుసార్లు మరగబెట్టే మనిషి."

ఆర్డిస్ కప్పు కింద పెట్టింది. ఆమెకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. తాత మీద. అందరి చేతా ఆ పేరును తిట్టించాడు. చిన్నపిల్లగా తను కూడా ఎన్నిసార్లో అంది ఆ మాట. "ఇంత తెలిసీ ఆయన మాకు అలా ఎందుకు చెప్పాడు?" అంది.

 మెర్ల్ గట్టు వైపు చూస్తూ అన్నాడు: "మన పిల్లను మన నేలలో పెట్టుకోలేక వేరేవాళ్ల నేలలో పెట్టాల్సొస్తే, నేను కూడా వాళ్ల మొహం చూడలేనేమో ఆర్డిస్."

ఆమె ఆయన వైపు చూసింది. ఇద్దరికీ పెళ్లయి ఇన్నేళ్లయింది, ఆయన నోట అలాంటి మాట వినడం తక్కువ.

ఫోను అక్కడ పనిచేయదు. ఎదురుగా ఉన్న దిబ్బెక్కితే అందుతుందని ఓపల్ చెప్పింది. పొద్దు వాలుతుండగా ఆర్డిస్ మోకాళ్లు పట్టుకుని దిబ్బెక్కి, యాకిమాలో వృద్ధుల వసతిగృహంలో ఉన్న తల్లి వెర్నాకు ఫోన్ చేసింది. వెర్నాకు ఎనభై ఎనిమిది. చెవి కాస్త మందం, నోరు మాత్రం చురుకే.

"ఎక్కడున్నావే? గాలి హోరు వినిపిస్తోంది."

"మాంటానాలో అమ్మా. హుల్డా బ్రెకె ఇంటి దగ్గర."

"ఇంకా నిలబడే ఉందా ఆ కొంప?"

"అమ్మా, నీకో అక్క ఉండేదట."

"ఎవరికి?"

"నీకు. సోల్వే అని. తాతావాళ్లు ఇక్కడినుంచి వెళ్లకముందు పుట్టి, పోయింది. సమాధి ఇక్కడ ఉంది."

అవతల టీవీ మోగుతోంది. ఎవరో దాన్ని ఆపేశారు.  లైను తెగిందేమోనని ఆర్డిస్ ఫోను చెవినుంచి తీసి చూసుకుంది.

"ఎండాకాలం సాయంత్రాలు అమ్మ గిన్నెలన్నీ నాకు వదిలేసి కాలవ గట్టు మీదకు పోయేది" అంది వెర్నా చివరికి. "చీకటి పడేదాకా అక్కడే. ఏం చేస్తున్నావంటే నీళ్లు చూస్తున్నా అనేది. పని తప్పించుకోవడానికని నేననుకునేదాన్ని." ఆ వెంటనే అడిగింది: "అక్కడ పచ్చగా ఉందా? లేక ఎండిపోయిందా?"

"పచ్చగానే ఉందమ్మా. లైలాక్ పొద కూడా ఉంది."

"ఎవరు పెట్టారు?"

"ఆవిడే."

"నన్ను తీసుకెళ్లు" అంది వెర్నా.

మర్నాడు ఎండ బాగా కాసింది. ఓపల్ ట్రాక్టరు తెచ్చి గొలుసు కట్టి బండిని లాగింది. లాగుతూ, ఇంజను చప్పుడు మీదుగా, "నచ్చజెప్పావా రాత్రి?" అని అరిచింది. మెర్ల్ చెయ్యి ఊపాడు. బండి బయటపడ్డా వాళ్లు వెళ్లలేదు. మెర్ల్ తమ్ముడికి ఆలస్యమవుతుందని కబురు పెట్టి, గేటు దగ్గర గట్టినేల మీద బండి నిలుపుకుని అక్కడే ఉండిపోయారు. మెర్ల్ కంచె ఊడదీసి, తుప్పు గీకి, రంగు వేసి, నిటారుగా పాతాడు. ఆర్డిస్ లైలాక్ కొమ్మలు కత్తిరించింది. రాయి మీద నాచును పాత పళ్ల బ్రష్షుతో తోమింది. ఓపల్ రోజూ ఏదో వంకతో వచ్చేది. బీన్స్, మాంసం కలిపి వండిన కుండతో ఒకసారి, పెద్ద కాఫీ పాత్రతో ఒకసారి. "అయ్యగారు నేల చూసి బండి నిలపడం నేర్చుకున్నారే" అనేది.

వెర్నాను తీసుకెళ్లడం మరుసటి వేసవికి కుదిరింది. వసతిగృహంలో నర్సు ఒప్పుకోలేదు, డాక్టరు సణిగాడు. "పోతే దారిలో పోతాను, మీ మంచం ఖాళీ అవుతుంది, మీకేం?" అని వెర్నా వాళ్లతో తేల్చి చెప్పింది. మెర్ల్ ఇంటిబండిలో వెనక పడకను కొంచెం ఎత్తు తగ్గించి, పట్టుకోవడానికి కమ్మీ బిగించాడు. కావలసినప్పుడల్లా పడుకోవచ్చు, మరుగుదొడ్డి పక్కనే ఉంది. అలాంటి బండి లేకపోతే ఆ వయసులో అంత దూరం ఆమెను తీసుకెళ్లడం ఎవరివల్లా అయ్యేది కాదు. దారి పొడుగునా ఆవిడ పడుకోనే లేదు. ముందు సీట్లో కూర్చుని అల్లుడికి డ్రైవింగు నేర్పింది.

"ఆ లారీవాడు నిన్ను దాటిపోయాడు చూశావా?"

"చూశానత్తా."

"గుర్రబ్బండిలా తోలుతున్నావు."

"గుర్రబ్బండికి ఇంత మాట్లాడే మనిషి ఉండదత్తా."

గేటు దగ్గర ఓపల్ ఎదురొచ్చింది. ఇంటినుంచి ఊట దాకా నేల ఎగుడుదిగుడు, చక్రాల కుర్చీ కదలదు. ఓపల్ గడ్డిమోపులు మోసే బల్లబండిని ట్రాక్టరుకు తగిలించి, హుల్డా ఇంట్లోని చేతుల కుర్చీని దాని మీదకెక్కించి తాళ్లతో కట్టింది. "దీంట్లో కూర్చోకూడదని పెద్ద అక్షరాలతో రాసిపెట్టారు. రాసినవాళ్లు ఇవాళ ఊళ్లో లేరు" అంది. మెర్ల్, ఓపల్ కొడుకు కలిసి వెర్నాను ఎత్తి కూర్చోబెట్టారు. ఆర్డిస్ పక్కన నిలబడి ఆమె భుజాలు పట్టుకుంది. ట్రాక్టరు నడక వేగంతో పల్లంలోకి దిగింది. వెర్నా పర్సు ఒళ్లో పెట్టుకుని, మంచి టోపీ పెట్టుకుని, అటూ ఇటూ చూస్తూ కూర్చుంది.

గట్టు మీద రాయి ఎదురుగా బండి ఆపారు. లైలాక్ పూలు రాలిపోయే దశలో ఉన్నాయి, వాసన ఇంకా ఉంది. వెర్నా కళ్లద్దాలు తుడుచుకుని రాయి చదివింది.

"ఎంత చిన్నదో" అంది.

 ఆవిడ ఏడవలేదు. తర్వాత ఓపల్‌ను దగ్గరకు పిలిచింది.

"ఆవిడ ఇదంతా ఎందుకు చేసిందో నీకెప్పుడైనా చెప్పిందా?"

"అడిగానండి ఒకసారి. 'పక్కింటి బిడ్డ కదా' అంది. ఇంకేదో అడగబోతే, వెళ్లి పాలు పితుకు అంది."

వెర్నా తలూపింది. ఆ జవాబు ఆవిడకు సరిపోయినట్టుంది. నీళ్లు కావాలంది. ఆర్డిస్ ఊటలో గ్లాసు ముంచి తెచ్చింది. వెర్నా కొంచెం తాగి, నోట్లో ఉంచుకుని, మింగింది. మళ్లీ తాగి గ్లాసు ఖాళీ చేసింది.

"బాగా చల్లగా ఉన్నాయి. నేనైనా కొట్లాడేదాన్నే" అంది.

ఓపల్ ముందు నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. ఆ తర్వాత వెర్నా తనను కాసేపు ఒంటరిగా వదలమంది. వాళ్లు విల్లో పొదల దాకా వెళ్లి నిలబడ్డారు. బల్లబండి మీద కుర్చీలో ఆవిడ వీపు కనిపిస్తోంది. ఏదో చెబుతున్నట్టు తల కదులుతోంది. ఏం చెప్పిందో ఆర్డిస్ అడగలేదు, వెర్నా చెప్పలేదు. వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం, "నన్ను ఇక్కడ పెట్టాలని చూడకండి. మీ నాన్న యాకిమా శ్మశానంలో ఒక్కడే ఉన్నాడు. ఇది ఇన్నాళ్లూ ఒక్కతే ఉంది, అలవాటైంది" అంది.

ఆ ఏడాది క్రిస్మస్ దాటాక వెర్నా నిద్రలో పోయింది. ఆవిడ కోరినట్టే యాకిమాలో మొగుడి పక్కన పెట్టారు. అంత్యక్రియల రోజు ఆర్డిస్ అన్న కర్ట్ ఈ సంగతంతా విని, "తాత అబద్ధం చెప్పడు" అన్నాడు. ఆర్డిస్ వాదించలేదు. వచ్చి చూడమంది. అతను రాలేదు.

తర్వాతి వేసవినుంచి ఆర్డిస్, మెర్ల్ ఏటా డన్‌మోర్ వెళ్లారు. ఇల్లు చూసుకునే ఊరి సంఘంవాళ్లు కొట్టం వెనక ఇంటిబండికి చోటు, కరెంటు ఇచ్చారు. అందుకు బదులుగా ఆర్డిస్ ఇల్లు తెరిచి వచ్చినవాళ్లకు చూపించేది. ఇలాంటి ఇంటిబండ్లలోనే వచ్చేవాళ్లు ఎక్కువ. ఒంటరి ఆడమనిషి గడ్డినేలను జయించిందని బోర్డు మీద రాసి ఉంది. ఆర్డిస్ అది చదివి వినిపించి, ఆ తర్వాత ఎద్దు సంగతి, కాఫీ పొడి సంగతి చెప్పేది. గట్టు మీదకు తీసుకెళ్లి రాయి చూపించి, అది తన పెద్దమ్మదని చెప్పేది. తాత గురించి కూడా దాచలేదు. "ఆయన చెడ్డవాడు కాదు. ఆవిడ చేసిన మేలు ఒప్పుకోవడానికి నోరు రాలేదు, అంతే" అనేది. అలా అనడానికి ఆమెకు రెండు మూడు వేసవులు పట్టింది.

కొందరు, హుల్డాకు ఒంటరిగా భయం వేయలేదా అని అడిగేవాళ్లు. ఆర్డిస్‌కు నిజంగా తెలియదు. తెలియదనే చెప్పేది.

ఓపల్ ఎనభై రెండో ఏట గుండె ఆగి పోయింది. తాళంచెవి ఆర్డిస్‌కు వచ్చింది. మెర్ల్‌కు కళ్లు మసకబారి, అంత దూరం బండి తోలడం కష్టమైంది. పిల్లలు యాకిమాలోనే ఉండిపొమ్మన్నారు. ఆర్డిస్ మాత్రం యాకిమా ఇల్లు అమ్మేసి డన్‌మోర్‌లో చిన్న ఇల్లు తీసుకుందామంది. మెర్ల్ వారం రోజులు సణిగి ఒప్పుకున్నాడు. ఇంటిబండిని ఒక కుర్ర జంటకు అమ్మేశారు. అది వీధి మలుపు తిరిగేదాకా మెర్ల్ వాకిట్లో నిలబడి దాని ఇంజను చప్పుడు విన్నాడు.

డన్‌మోర్‌లో గాలి శీతాకాలమంతా ఆగదు. మెర్ల్ దాన్ని తిట్టుకుంటూ ఊరివాళ్ల ట్రాక్టర్లకు ఉచిత సలహాలిస్తూ కాలం గడుపుతాడు. మే నెలలో మట్టిదారి ఎండగానే ఎవరో ఒకరు ఆర్డిస్‌ను పికప్‌లో ఎక్కించుకుపోతారు. ఆమె తలుపు తాళం తీసి, కిటికీలు తెరిచి, చలికాలంలో దూరిన ఎలుకల గూళ్లు ఊడ్చి పారేస్తుంది. పొయ్యి వెలిగించి గదుల చెమ్మ పోయేదాకా కూర్చుంటుంది. ఆ తర్వాత బక్కెట్టు తీసుకుని ఊటకు పోతుంది.